ఎంజీబీ జంట కార్బొరేటర్లతో మూడు నెలలు

నేను మెకానిక్‌ని కాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాను, వారానికి అయిదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. 2024 మార్చి 16, శనివారం నాడు 6,500 పౌండ్లు పెట్టి 1968 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నాను. ముదురు ఆకుపచ్చ రంగు, స్పోకుల చక్రాలు, నాకంటే వయసులో చాలా పెద్దది. ఈ కారే ఎందుకంటే ఒక కారణం ఉంది. మా నాన్న రాజమండ్రిలో 19 ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజనూ ఒకే కుటుంబం, బ్రిటిష్ వాళ్ల బీ సిరీస్. బానెట్ ఎత్తి వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న రెండు సెకన్లు చూసి, "ఇది మన ఇంజనే కదరా, రెండు కార్బొరేటర్లెందుకు?" అన్నారు.

కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చే పరికరం. ఆ రెండోదానితోనే తర్వాతి మూడు నెలలు గడిచాయి.

అమ్మిన పెద్దాయన మంచివాడే. "పొద్దున చోక్ లాగండి, ఇంజన్ వేడెక్కాక దానంతట అదే సర్దుకుంటుంది" అన్నాడు. చోక్ అంటే చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట. దాన్ని లాగితే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యేది, అది నిజమే. సర్దుకోవడం మాత్రం జరగలేదు. 15, 20 నిమిషాలు నడిచాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు 600కీ 1,100కీ మధ్య ఊయల ఊగేది. గ్యాస్ పెడల్ మీద కాలు తీస్తే ఆగిపోతుందేమోనని భయం. 3,500 దాటితే మిస్ కొట్టేది. వెనక కారు వాడికి పెట్రోల్ వాసన కొట్టి ఉంటుంది, నాకైతే చొక్కాకి అంటుకునేది.

ఏప్రిల్ 13న ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది. పండగ మంగళవారం వచ్చింది, మేం శనివారం చేసుకున్నాం. నా భార్య పట్టుచీర కట్టుకుని, వెనక సీటులో పులిహోర గిన్నె పెట్టుకుని బయల్దేరాం. హాలుకి రెండు మైళ్ల దూరంలో ఒక రౌండబౌట్ మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఈ కారులో హజార్డ్ లైట్లు లేవన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఎవరో ఇద్దరు దిగి తోశారు. "ఏమండీ, పులిహోరకి టాక్సీ పిలవనా, మనకి కూడా పిలవనా?" అని అడిగింది. ఇద్దరం టాక్సీలోనే వెళ్లాం. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. నాకు ఒళ్లు మండింది.

ఆ రాత్రే ఈ కారుకున్న ఎస్‌యూ రకం కార్బొరేటర్ల రిపేర్ కిట్ ఆర్డర్ పెట్టాను. 68 పౌండ్లు. సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు కూడా విప్పి చూడలేదు. పెట్రోల్ వాసన వస్తోంది, రెండు కార్బొరేటర్లు ఉన్నాయి, కాబట్టి తప్పు వాటిదే అని తేల్చేశాను.

ఏప్రిల్ 20, 21. ఈ రెండు రోజుల్లో నేను పాడు చేసింది బాగు చేయడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి దెబ్బ పానాల దగ్గర. నా దగ్గరున్నవన్నీ మిల్లీమీటర్ల పానాలు, కారంతా అంగుళాల్లో ఉంది. 13 పానా అరంగుళం బోల్టుకి సరిగ్గా పట్టినట్టే ఉంటుంది. కాస్త బలం పెట్టగానే జారి బోల్టు మూలలు తినేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ బోల్టు ఒకటి అలా పోయింది. మళ్లీ షాపుకి పరుగు, అంగుళాల పానాల సెట్టు 26 పౌండ్లు.

తర్వాత కార్బొరేటర్ల పైనున్న గంటలు విప్పాను. ఎస్‌యూ కార్బొరేటర్ చూసినవాళ్లకి తెలుస్తుంది, పైన గంట ఆకారంలో ఒక మూత ఉంటుంది, దాని లోపల పిస్టన్, పిస్టన్ కింద సూది. ఇంజన్ గాలి లాగిన కొద్దీ పిస్టన్ లేస్తుంది, సూది జెట్ అనే పెట్రోల్ గొట్టంలోంచి పైకి వస్తుంది, పెట్రోల్ దారి పెద్దదవుతుంది. ఇంతే యంత్రం. ఇంత సులువుగా ఉందని ధైర్యం వచ్చి, రెండు గంటలూ ఒకేసారి విప్పి, రెండు పిస్టన్లూ ఒకే గిన్నెలో వేసి కడిగాను. ఏ గంటకి ఆ పిస్టనే జత అని, ఫ్యాక్టరీలోనే జత కలుపుతారని నాకు తెలియదు. తిరిగి పెట్టి, వేలితో పైకెత్తి వదిలితే ఒకటి దబ్బున పడింది, రెండోది సగంలో నిలిచిపోయింది. మార్చి పెడితే రెండూ నెమ్మదిగా దిగి అడుగున టక్ మన్నాయి. అలా ఏది దేనిదో తేలింది, మార్చి పెట్టాలన్న ఆలోచన రావడానికే మూడు గంటలు పట్టింది.

కొత్త సూదులు, కొత్త జెట్లు వేశాను. 1968 కారు కాబట్టి సూది కదలని రకం, అది జెట్ రంధ్రానికి సరిగ్గా నడిమధ్యన ఉండాలి. ఒక పక్కకి ఒరుసుకుంటే పిస్టన్ పట్టేస్తుంది. కింద పెద్ద నట్టు వదులు చేసి, జెట్‌ని పూర్తిగా పైకి నెట్టి, పిస్టన్‌ని కిందికి నొక్కి పట్టుకుని నట్టు బిగించాలి. బిగించేటప్పుడు జెట్ మళ్లీ ఓ వెంట్రుక వాసి జరుగుతుంది. అప్పుడు టక్ శబ్దం రాదు. మళ్లీ మొదలు. ఆదివారం మధ్యాహ్నం మొత్తం ఆ టక్ కోసమే పోయింది. వచ్చినప్పుడు మాత్రం, ఆ ఆనందం వేరు.

స్టార్ట్ చేశాను. ముందుకంటే అధ్వాన్నం. కింద జెట్‌ని పైకీ కిందికీ జరిపే ఆరు పలకల నట్టు ఒక్కో పలక తిప్పుతూ, పైన పెడల్ తొక్కనప్పటి స్పీడు సర్దే స్లో స్క్రూ తిప్పుతూ కూర్చున్నాను. ఏది ఎంత తిప్పానో రాసుకోలేదు. ముందు కార్బొరేటర్ స్క్రూ తిప్పితే వెనకది కూడా మారుతోంది, వెనకది తిప్పితే ముందుది. చీకటి పడింది. చేతులు పెట్రోల్‌కి పగిలిపోయాయి.

నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తారు.

"ప్లగ్గులు చూశావా?"

విప్పి చూపించాను. ముందు రెండూ మసి పట్టి నల్లగా, వెనక రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా.

"ముందు రెండూ తాగేస్తున్నాయి, వెనక రెండూ ఎండిపోతున్నాయి" అన్నారు. ఈ ఇంజన్‌లో ముందు కార్బొరేటర్ 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి. నేను ఎగిరి గంతేసి, "అంటే కార్బొరేటర్లే కదా!" అన్నాను.

"కరెంటు సరిగ్గా లేనప్పుడు ప్లగ్గు చెప్పేది నమ్మకురా. ముందు ట్యాపెట్లు, తర్వాత పాయింట్లు, తర్వాత టైమింగ్. కార్బొరేటర్ ఆఖర్న."

సరే నాన్నా అని పెట్టేసి, మర్నాడు మళ్లీ కార్బొరేటర్ నట్టే తిప్పాను. ఎందుకో అడగకండి.

మే 6, సోమవారం, సెలవు. కారు స్టార్ట్ చేద్దామని తాళం తిప్పాను. ఈ కారులో పెట్రోల్ పంపు కరెంటుది, వెనక చక్రం దగ్గర ఉంటుంది. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బొరేటర్లకి పెట్రోల్ నిలవ ఉంచే ఫ్లోట్ గిన్నెలు నిండగానే ఆగిపోవాలి. ఆ రోజు ఆగలేదు. ఏదో తేడాగా ఉందని దిగి చూస్తే ముందు కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోల్ ధారగా కారుతోంది. దాని పక్కనే ఎగ్జాస్ట్. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. తాళం తీసేసి, పది అడుగులు వెనక్కి వచ్చి, కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ సాయంత్రమే 30 పౌండ్లు పెట్టి మంటలార్పే సిలిండర్ కొన్నాను, ఇప్పుడు సీటు వెనకే ఉంటుంది. పాత కారు కొనే ప్లాన్ ఉంటే కారుకంటే ముందు అది కొనండి.

ఫ్లోట్ గిన్నె మూత తీస్తే నల్లటి నలుసులు. గిన్నె నిండితే పెట్రోల్‌ని ఆపాల్సిన వాల్వు మధ్యలో ఒకటి ఇరుక్కుని అది మూసుకోలేదు. నలుసులు ఎక్కడివి? పెట్రోల్ గొట్టం లోపలి రబ్బరు పొడై రాలుతోంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం గొట్టాలు, క్లిప్పులు కలిపి 31 పౌండ్లు అయ్యాయి. అప్పట్నుంచి ఇథనాల్ 5 శాతం మించని ఖరీదైన పెట్రోలే పోయిస్తున్నాను. కానీ ఇంజన్ నడక మారలేదు.

ఆ పెట్రోల్ ధార చూశాక నా పొగరు దిగింది. మే 18న నాన్న చెప్పిన వరసలోనే మొదలుపెట్టాను.

ట్యాపెట్లు, అంటే ఇంజన్ వాల్వులని తెరిచే భాగాలు: 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) సందు ఉండాలి. ఎనిమిదింటిలో రెండు బిగుసుకుని ఉన్నాయి. ఇక్కడ పాత మెకానిక్కుల లెక్క ఒకటి ఉంది, భలే ముచ్చటేసింది. పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరుని 9లోంచి తీసేస్తే ఏది సర్దాలో వస్తుంది. 1 తెరుచుకుంటే 8, 3 తెరుచుకుంటే 6. నాన్నకి చెబితే నవ్వి, "నాకు తెలియకుండానే 19 ఏళ్లు చేశాననుకుంటున్నావా" అన్నారు.

పాయింట్లు, అంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్చు: ఒక పక్క గుంట, ఇంకో పక్క బొడిపె, నీలంగా కాలి ఉన్నాయి. పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ పోయినప్పుడు అలా అవుతుంది. పాయింట్లు, కండెన్సర్, రోటర్, నాలుగు ప్లగ్గులు అన్నీ 54 పౌండ్లు. కొత్త కండెన్సర్ వేసిన పావుగంటకే మళ్లీ మిస్ కొట్టింది. అది కూడా పాడైనదే! ఈ మధ్య చవక కండెన్సర్లు కొత్తగా ఉండగానే పోతున్నాయట. నాలుగు రోజులు ఆగి ఇంకోటి తెప్పించాను, షాపువాడు మారుమాట లేకుండా డబ్బులు తీసుకోకుండానే పంపాడు. ఒకవేళ మొదటిది తీసి కొత్తది వేసినా మార్పు లేకపోతే "కండెన్సర్ కాదన్నమాట" అని వదిలేయకండి, నేను వదిలేయబోయాను.

టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు రావాలన్నది: 35 పౌండ్ల స్ట్రోబ్ లైటు పెట్టి చూస్తే పుస్తకంలో చెప్పినదానికంటే 6 డిగ్రీలు వెనకబడి ఉంది. సరిచేశాను.

మే 25న రోడ్డెక్కితే 3,500 దగ్గర మిస్ మాయం. పికప్ వచ్చింది. ఇంతకాలం కార్బొరేటర్‌ని తిట్టిన తిట్లలో సగం కరెంటువి. కానీ వేడెక్కాక ఐడ్లింగ్ ఊగడం మాత్రం అలాగే ఉంది, కాస్త తగ్గిందంతే.

మే 27, మళ్లీ సోమవారం సెలవు. ఎక్కడైనా సందులోంచి గాలి లోపలికి పోతోందేమోనని, ఇంజన్ నడుస్తుండగా కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేని సన్నటి గొట్టంతో ఒక్కో చోట చిటికెడు కొట్టి చూశాను. కార్బొరేటర్లని ఇంజన్‌కి కలిపే మానిఫోల్డ్ గొట్టం అతుకుల దగ్గర ఏమీ లేదు. వెనక కార్బొరేటర్‌లో పెడల్ తొక్కితే తిరిగే థ్రాటిల్ కడ్డీ బయటికి వచ్చే చోట కొట్టగానే ఇంజన్ నడక మారిపోయింది. దొరికింది. ఇంజన్ ఆపి కడ్డీని వేళ్లతో పట్టుకుని ఆడిస్తే టకటకమని ఆడుతోంది. 56 ఏళ్లు తిరిగి తిరిగి కడ్డీ అరిగింది, దాని చుట్టూ రంధ్రం అరిగింది, ఆ సందులోంచి గాలి లాగుతోంది. అందుకే వెనక రెండు ప్లగ్గులూ తెలుపు. పాత యజమానుల్లో ఎవరో దాన్ని కప్పిపుచ్చడానికి ముందు కార్బొరేటర్‌ని ఎక్కువ తెరిచి, ఎక్కువ పెట్రోల్ ఇచ్చారు. జోడెద్దుల్లో ఒకటి కాడి వదిలేస్తే రెండోదాన్ని ములుగర్రతో పొడిచినట్టు. నేను కొన్న 68 పౌండ్ల కిట్‌లో ఈ కడ్డీలు లేనే లేవు.

ఈ పని ఇంట్లో కాదు, రంధ్రం సాపు చేసి లోపల కొత్త తొడుగు, అంటే బుష్ వేయాలి. 28న రెండు కార్బొరేటర్లూ విప్పి, పెట్టెలో పెట్టి, ఈ పని చేసే ఒక వర్క్‌షాప్‌కి పోస్ట్ చేశాను. పది రోజులన్నారు. 22 రోజులు పట్టింది. రానూ పోనూ పోస్టుతో కలిపి 340 పౌండ్లు. అన్ని రోజులూ మానిఫోల్డ్ కన్నాల్లో గుడ్డలు కుక్కి, బానెట్ మూసి ఉంచాను. ఆఫీసు నుంచి వచ్చి ఒకసారి ఎత్తి చూసి మళ్లీ మూసేవాణ్ని. మనిషి పళ్లు ఊడదీసినట్టుండేది. నా భార్య ఈ మూడు వారాల్లో ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ టెన్షన్.

జూన్ 19న వచ్చాయి. జూన్ 22, శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. ఈసారి నోట్‌బుక్, పెన్ను.

జెట్‌ని లోపలి అంచుకి సమంగా పైకి తెచ్చి, అక్కణ్నుంచి నట్టుని 12 పలకలు, అంటే రెండు చుట్లు కిందికి తిప్పాను. రెండూ అంతే. తర్వాత ఏప్రిల్‌లో నేను చేయనిది చేశాను: రెండు కార్బొరేటర్లనీ కలిపే కడ్డీ మీద క్లాంపులు వదులు చేశాను. అవి బిగించి ఉంటే ఒక స్క్రూ తిప్పితే రెండూ కదులుతాయి. ఆ రెండు రోజులూ నన్ను పిచ్చివాణ్ని చేసింది ఇదే, ఒక్క పానాతో పోయేది.

స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, గాలి సమానం చేయడం. దీనికోసం 42 పౌండ్లు పెట్టి గాలి కొలిచే మీటరు కొన్నాను. బాగానే పనిచేసింది. ఆ తర్వాత సరదాకి తోటకి నీళ్లు పెట్టే గొట్టం ముక్క ఒకటి చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి విన్నాను. స్సు... మన్న శబ్దం. ముందు దాని దగ్గర ఒక శ్రుతి, వెనక దాని దగ్గర ఇంకో శ్రుతి. స్లో స్క్రూ పావు చుట్టు తిప్పగానే రెండూ కలిశాయి. మీటరు కూడా సరే అంది. మీటరు ఇప్పుడు అటక మీద ఉంది.

ఇక పెట్రోల్ పాళ్లు. ప్రతి కార్బొరేటర్ కింద చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కితే పిస్టన్ కాస్త లేస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా లేపకూడదు, ఎక్కువ లేపితే ఎలా ఉన్న కార్బొరేటరైనా ఇంజన్‌ని ఆపేస్తుంది. లేపగానే ఇంజన్ స్పీడ్ పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ. వెంటనే పడిపోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి మామూలైపోతే సరిగ్గా ఉన్నట్టు. ముందు దానికి ఒక పలక పైకి, వెనక దానికి రెండు పలకలు కిందికి. నట్టు తిప్పిన ప్రతిసారీ గాలి మళ్లీ చూడాలి, గాలి మారిస్తే మళ్లీ పాళ్లు. నాలుగు రౌండ్లు పట్టింది.

నమ్మకం కుదరక 48 పౌండ్ల గాజు ప్లగ్గు కూడా పెట్టి చూశాను. దాంట్లోంచి సిలిండర్ లోపలి మంట కనిపిస్తుంది. పసుపుగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గ్యాస్ స్టవ్ మంటలా నీలంగా ఉంటే సరి. నీలంగా ఉంది. కారు పని చేయడానికి ఇది అవసరం లేదు, కానీ ఇంజన్ కడుపులో మంట కళ్లతో చూడటానికి 48 పౌండ్లు నాకు ఎక్కువ అనిపించలేదు.

క్లాంపులు బిగించేటప్పుడు రెండు థ్రాటిళ్లూ ఒకేసారి కదలాలి. నాది వెనకది ఒక క్షణం ఆలస్యం. రెండుసార్లు విప్పి బిగించాను.

మధ్యాహ్నం రెండింటికి రోడ్డెక్కాను. ఐడ్లింగ్ 800 దగ్గర గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. సంతోషంగా యాక్సిలరేటర్ తొక్కాను, ఇంజన్ ఒక్కసారి గుక్క తిప్పుకోలేక ఆగినంత పనైంది. గుండె జారిపోయింది. 340 పౌండ్లు, మూడు నెలలు. ఇంటికొచ్చి, కార్బొరేటర్ గంట మీదున్న నల్ల మూత విప్పి, పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా నూనెతో ఆపే డ్యాంపర్‌ని పైకి లాగితే పొడిగా వచ్చింది. వర్క్‌షాప్ వాళ్లు పోస్టులో కారకుండా నూనె లేకుండా పంపారు, పెట్టెలో చీటీ కూడా వేశారు. నేనే చదవలేదు. డ్యాంపర్ దించుతుంటే చేతికి పట్టు తగిలేదాకా నూనె పోశాను. మళ్లీ వెళ్తే వెన్నలా పోయింది.

మర్నాడు ఇద్దరం ఆబింగ్‌డన్ దాకా వెళ్లొచ్చాం. ఈ కారు పుట్టిన ఊరు అది, ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. దారిలో ఉగాది నాటి రౌండబౌట్ మీదుగానే పోనిచ్చాను, కావాలనే. ఇంకో బాధ మిగిలే ఉంది. దూరం వెళ్లి ఆపి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే తొందరగా అందుకోదు. కార్బొరేటర్లు ఎగ్జాస్ట్ మీదే ఉంటాయి కాబట్టి ఆ వేడికి పెట్రోల్ మరుగుతుంది. పెడల్ సగం తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే అందుకుంటోంది, ప్రస్తుతానికి అలాగే నడిపిస్తున్నాను.

మొత్తం ఖర్చు 674 పౌండ్లు. నాన్నకి చెప్పలేదు. ఇంటికొచ్చాక ఫోన్‌ని ఎగ్జాస్ట్ దగ్గర పెట్టి వినిపించాను. కాసేపు విని, "బాగుంది. లీటరుకి ఎంతిస్తోంది?" అన్నారు.

"పదికి కొంచెం తక్కువ."

"రెండు కార్బొరేటర్లు పెట్టి పదేనా?"